ఒకటిన్నర చొప్పున ఐదుసార్లు

నాచారం,
6 జూలై 2025, ఆదివారం

ధనశ్రీకి,

జుట్టుకు నూనె రాసుకుంటున్నావనీ, లేవగానే పక్కబట్టలు మడతపెట్టుకుంటున్నావనీ నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

నీ పరీక్ష కాగితం అందింది. ఇరవైకి పదకొండు. సంతకం పెట్టి వెంటనే పంపమన్నావు. పెట్టలేదు. మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. ఎర్రసిరా పడ్డ ప్రతి లెక్కనూ ఐదుసార్లు తప్పు లేకుండా చేసి చూపిస్తేనే నా సంతకం. మీ అమ్మకూ ఇదే పద్ధతి. ముప్ఫై ఒక్క ఏళ్ళు నా దగ్గర చదువుకున్న పిల్లలకూ ఇదే పద్ధతి.

ఏడో లెక్క చూద్దాం. ఒక లంగాకు 2½ మీటర్ల గుడ్డ కావాలి, ఆరు లంగాలకు ఎంత అని అడిగారు. నువ్వు రెండును ఆరుతో గుణించి పన్నెండు అన్నావు. పక్కనున్న అరను అలాగే కిందికి దింపి 12½ అని రాశావు. పైగా కింద రెండు గీతలు! మొదటి పిల్లకు అరమీటరు ఇచ్చి తక్కిన ఐదుగురికీ ఎగ్గొట్టావు. కావలసింది పదిహేను మీటర్లు. నీ గుడ్డతో ఐదు లంగాలే అవుతాయి. ఆరో పిల్ల బడికి ఏం కట్టుకుని వెళ్తుంది? లెక్క పూర్తయ్యాక ఆ ఆరో పిల్లను ఒకసారి అడగడం అలవాటు చేసుకో. తప్పు ఉంటే అదే చెబుతుంది.

మిశ్రమ భిన్నాన్ని ముందు అపక్రమ భిన్నంగా మార్చు. 2½ అంటే 5/2. దాన్ని ఆరుతో గుణిస్తే 30/2, అంటే 15. ఇందులో తెలివితేటలేమీ అక్కర్లేదు. ఓపిక చాలు.

ఇక ఇంటి సంగతులు. తాతయ్య వణుకు తగ్గడం లేదని డాక్టరు మందు పెంచాడు. ఇంతవరకూ ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా నాలుగేసి గంటలకు ఒక మాత్ర చొప్పున ఐదుసార్లు ఇస్తున్నాం కదా, ఇక మీద పూటకు ఒకటిన్నర. ఆ మాత్ర పడితే ఆయన మనిషి. పడకపోతే ఒళ్ళు బిగుసుకుపోతుంది. మింగలేడు, మాట్లాడలేడు. నువ్వు చూశావుగా.

రేపు నేను ఆసుపత్రిలో చేరుతున్నాను. పిత్తాశయంలో రాళ్ళు తీసేయాలట. నెల రోజులుగా ఆ నొప్పితో నిద్ర లేదు. ఐదు రోజులన్నారు. నేను మాత్రం పదిహేను రోజులకు సరిపడా మాత్రలు రోజుకో పొట్లంగా కట్టి, మీద తేదీలు వేసి, వెంకటనర్సమ్మకు అప్పజెప్పాను. ఆవిడ రాత్రిళ్ళు కూడా ఇంట్లోనే ఉంటుంది. చదువు రాకపోయినా గడియారం చూడటం వచ్చు. నువ్వు రావద్దు. ఏడో లెక్క చేసి పంపు.

అమ్మమ్మ,
సత్యవేణి


అన్నోజిగూడ హాస్టల్,
10 జూలై 2025

అమ్మమ్మకు నమస్కారం.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అంటే నీ ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. నేను చదివేటప్పటికే అయిపోయేలాగా కావాలనే ఆదివారం రాశావు కదా? నాకు తెలుసు.

ఏడో లెక్క ఐదుసార్లు చేసి ఇందులో పెట్టాను. నాలుగోసారి చేస్తుంటే మెస్ గంట కొట్టారు. అందుకే అక్కడ రాత బాగాలేదు. మాకు రాత్రి మూడు చపాతీలు. రెండున్నరే తిని అర దాచుకుంటే కాపలా ఆంటీ పట్టుకుంది. "ఏందమ్మా, ఎలుకలకు దావత్ ఇస్తున్నవా?" అని అందరి ముందూ అంది. ఇప్పుడు నన్నందరూ ఎలుకా అని పిలుస్తున్నారు.

నేను నీ పద్ధతిలోనే చేశాను కానీ తాతయ్య పద్ధతి కూడా గుర్తుంది. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో తాతయ్య అలాగే చేసేవాడట. ముందు చిన్నదాన్ని గుణించు, పెద్దది ఎక్కడికీ పోదు, చిన్నదాన్నే మనం మర్చిపోతాం అంటాడు. ముందు అర ఆర్లు మూడు. తర్వాత రెండు ఆర్లు పన్నెండు. మొత్తం పదిహేను. పరీక్షలో అది గుర్తుకు రాలేదు.

తాతయ్య ఎలా ఉన్నాడు? పెంచిన మందుతో నడుస్తున్నాడా? దసరా సెలవులకు నన్ను రామంతాపూర్ చెరువు దాకా నడిపిస్తానన్నాడు. ఇక్కడ రోడ్డు పక్కనే హాస్టల్ కాబట్టి రాత్రంతా లారీల చప్పుడు. ఇంటికి రావాలని ఉంది. అది తప్పయితే కొట్టేసినట్టు అనుకో.

నీ
ధనశ్రీ


ఆసుపత్రి, హబ్సిగూడ,
14 జూలై 2025

ధనశ్రీకి,

ఆపరేషన్ అయింది. కుట్లలో చీము పట్టిందని వారం దాటినా వదలడం లేదు. పడుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వాలి ఉంటాయి. దీన్ని సాకుగా తీసుకుని నువ్వు వాల్చి రాయకు.

నీ ఐదు దిద్దుబాట్లూ చూశాను. నాలుగోదాంట్లో సమానం గుర్తు లేదు. ఆ ఒక్కటీ మళ్ళీ చెయ్యి. మెస్ గంట లెక్కకు సంబంధించిన విషయం కాదు.

నీ దగ్గర దాచి లాభం లేదు. తాతయ్య పరిస్థితి బాగాలేదు. నిన్న వెంకటనర్సమ్మ ఆయన్ను పక్కింటివాళ్ళకు అప్పగించి నా దగ్గరకు వచ్చింది. నాకు ఫోన్లో సగం మాటలే వినపడతాయని దానికి తెలుసు.

"అమ్మా, సారు పొద్దుగాల మంచిగనే ఉంటుండు. నాష్టా తింటుండు, పేపర్ సూస్తుండు. మాపటికే కొయ్యలెక్క అయితుండు. అన్నం నోట్లె పెడితె గొంతుల ఆగుతుంది" అంది.

మందు వేళకు వేస్తున్నావా అని అడిగాను.

"నువ్వు జెప్పినట్టే ఒకటిన్నర ఏస్తున్న. గని గోళీలు సరిపోతలేవు. మాపు ఆరింటికి ఒక్కటే మిగుల్తుంది. పండేటప్పుడు ఏసేటందుకు ఏం ఉంటలేదు."

నేను లెక్కపెట్టి కట్టిన పొట్లం సరిపోకపోవడమేమిటి, ఎక్కడ పారేసుకుంటున్నావో చూసుకో అన్నాను. "నేనెందుకు పారేస్తనమ్మా? పోనీ నేను తింటున్ననా? నాకేమన్న వణుకున్నదా?" అని చేతులు చాపి చూపించింది. వార్డులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బ్లేడుతో మాత్ర సగం చెయ్యమంటే పొడి చేసే మనిషి అది. చాలాసార్లు నా కళ్ళతో చూశాను.

డాక్టరుకు కబురు చేస్తే, పెంచిన మందు కూడా పనిచెయ్యడం లేదంటే జబ్బు ముదిరినట్టే అన్నాడట. ఆయన దగ్గర ఉండాల్సిన సమయంలో నేనిక్కడ కడుపుకు గొట్టం పెట్టుకుని పడి ఉన్నాను. నువ్వు బాగా చదువుకో. అదొక్కటే ఇప్పుడు నా చేతుల్లో ఉన్నట్టు అనిపిస్తోంది. నిజానికి అదీ నీ చేతుల్లోనే ఉంది.

అమ్మమ్మ


అన్నోజిగూడ,
15 జూలై 2025

అమ్మమ్మకు నమస్కారం.

నేను రాసి ఐదు రోజులయింది. నీ జవాబు లేదు. కాగితం మీద సంతకం కూడా లేదు. లెక్కల సారు పాండురంగ గారు ఇవాళ మళ్ళీ అడిగారు. ఇంటికి రావాలని ఉందని రాసినందుకు కోపమొచ్చిందా? అది కొట్టేసినట్టు అనుకోమన్నాను కదా.

ఆదివారం ఫోన్లో అమ్మను అడిగితే, "అమ్మమ్మకు బాగానే ఉంది, తాతయ్యకు బాగానే ఉంది" అంది. రెండుసార్లు ఒకేలాగా అంది. అమ్మ ఆదిలాబాద్ బ్యాంకులో ఎవరికైనా సర్దిచెప్పేటప్పుడు అలాగే మాట్లాడుతుంది. అందుకే నాకు భయం వేసింది.

నాతో నిజం చెప్పడానికి ఎన్ని మార్కులు రావాలో చెప్పు. తెచ్చుకుంటాను.

ధనశ్రీ


ఆసుపత్రి, హబ్సిగూడ,
19 జూలై 2025, శనివారం

ధనశ్రీకి,

నీ పదిహేనో తారీఖు ఉత్తరం, అంతకుముందు నేను రాసింది ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నాకు కోపం లేదు. నిజం చెప్పడానికి మార్కులు అక్కర్లేదు. కాబట్టి చెబుతున్నాను.

గురువారం సాయంత్రం తాతయ్యకు గొంతులో అన్నం అడ్డుపడింది. ముఖం నల్లబడిపోయిందట. పక్కింటాయన వీపు మీద చరిస్తే బయటికి వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి కొంచెం దిగి ఉంటుందని అనుమానం. ఇప్పుడు జ్వరం. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి దానిగుండానే ఆహారం ఇవ్వాలంటున్నారు. మీ అమ్మ బుధవారం వస్తుంది. గురువారం, ఇరవై నాలుగున, గొట్టం వేస్తారు. నన్ను సంతకం పెట్టమన్నారు.

మీ పెదతాతయ్య ఆరు నెలలు ఆ గొట్టంతోనే ఉండి చనిపోయాడు. అప్పుడు తాతయ్య నా చెయ్యి పట్టుకుని, "సత్యా, నాకు మాత్రం అది వద్దు. చెయ్యి అడ్డం పెట్టలేని స్థితిలో ఉన్నా నేను వద్దన్నట్టే లెక్క" అన్నాడు. సరేనన్నాను. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకుంటే ఆయన అన్నం అడ్డుపడి పోతాడు. తప్పితే బతికి నన్ను చూస్తూ ఉంటాడు. ఈ రెండింటిలో ఏది సరైనదో ఏ పుస్తకంలోనూ వెనక పేజీల్లో జవాబు ఇవ్వరు. రెండు రోజులుగా కళ్ళు మూయలేదు.

వెంకటనర్సమ్మను మానిపించాను. రేపటితో సరి. సోమవారం నుంచి వేరే మనిషి వస్తుంది. మళ్ళీ అదే మాట చెప్పింది, గోళీలు తక్కువున్నయని. తన తప్పు నా లెక్క మీద తోస్తోంది. ఏడేళ్ళు ఇంట్లో ఉన్న మనిషి. మానేయమంటే కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను అన్యాయం చేశానని నువ్వు అనుకోకూడదు కాబట్టి, నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

జూలై 7 నుంచి 21 వరకు, రోజులు 15.
ఇంతకుముందు రోజుకు 5 మాత్రలు. ఇప్పుడు అర పెరిగింది. 1½ × 5 = 5½.
పదిహేను రోజులకు 5½ × 15 = 82½.
కొన్నవి తొమ్మిది అట్టలు, 90 మాత్రలు. మిగిలినవి 7½. అలమరలో, మూత ఉన్న సీసాలో ఉన్నాయి.

ఇందులో ఒక్క మాత్ర కూడా అటూ ఇటూ కాలేదు. ఇంతకంటే జాగ్రత్తగా ఏ మనిషీ కట్టలేదు.

అమ్మమ్మ


అన్నోజిగూడ,
22 జూలై 2025, మంగళవారం

అమ్మమ్మా,

ముందు ఇది మొత్తం చదువు. కోప్పడటం తర్వాత.

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. తాతయ్య గురించి చదివి ఏడ్చాను. తర్వాత నీ లెక్క చూశాను. చూస్తే నా ఏడో లెక్కలాగా ఉంది. నాకే తప్పుగా కనిపిస్తోందేమో అనుకుని ఐదుసార్లు చేశాను. సమానం గుర్తులు అన్నీ పెట్టాను.

1½ = 3/2
3/2 × 5 = 15/2 = 7½

ఐదున్నర కాదు అమ్మమ్మా. ఏడున్నర. తాతయ్య పద్ధతిలో కూడా చేశాను. అర ఐదులు రెండున్నర. ఒకటి ఐదులు ఐదు. మొత్తం ఏడున్నర. ప్రతిసారీ అర పెంచమన్నారు. నువ్వు రోజంతటికీ కలిపి ఒక్క అరే పెంచావు.

నువ్వు ఆరో పిల్లను అడగమన్నావు కదా. అడిగాను. ఉదయం ఆరుకు ఒకటిన్నర, పదికి ఒకటిన్నర, మధ్యాహ్నం రెండుకు ఒకటిన్నర. నాలుగున్నర అయిపోయాయి. పొట్లంలో మిగిలింది ఒకటి. అది సాయంత్రం ఆరుకు. రాత్రి పదికి ఏమీ లేదు. వెంకటనర్సమ్మ నీకు చెప్పింది అచ్చంగా ఇదే. తాతయ్య పొద్దున బాగుండి సాయంత్రం బిగుసుకుపోతున్నది ఇందుకే. జబ్బు ముదిరి కాదు. రోజుకు రెండు మాత్రలు తక్కువ. పదిహేను రోజులకు ముప్ఫై తక్కువ. సీసాలో మిగిలాయన్న ఏడున్నర సరిగ్గా ఒక రోజు మందు.

వార్డెన్ మేడమ్ కాళ్ళావేళ్ళా పడి అమ్మకు ఫోన్ చేయించుకున్నాను. "అమ్మమ్మ లెక్క తప్పడమేమిటే! అసలే ఆవిడ బాధలో ఉంది. ఇది ఆవిడ చెవిన వేశావంటే ఊరుకోను. ముందు నీ పదకొండు మార్కుల సంగతి చూసుకో" అని పెట్టేసింది. నాకు పదకొండు వచ్చాయి కాబట్టి నేను చెప్పింది నిజం కాకుండా పోతుందా?

పోస్టులో వేస్తే గురువారానికి అందదు. పాండురంగ సారు ఉప్పల్‌లో ఉంటారు. ఆయనకు లెక్క చూపించాను. చాలాసేపు చూసి, "మీ అమ్మమ్మ దగ్గర నేనూ చదువుకున్నా. చేతికిస్త, గని నన్ను తిట్టకుండ జూడు" అన్నారు. బుధవారం బడి అయ్యాక నేరుగా నీ దగ్గరకు వస్తారు. ఆయన్ను తిట్టకు.

నేను తప్పయితే చెప్పు. వందసార్లు రాస్తాను. కానీ గురువారం లోపల ఒక్కసారి నువ్వు కూడా చెయ్యి.

ధనశ్రీ


ఆసుపత్రి, హబ్సిగూడ,
27 జూలై 2025, ఆదివారం

ధనశ్రీకి,

నీ ఉత్తరం బుధవారం సాయంత్రం ఐదింటికి నా చేతికి వచ్చింది. పాండురంగ మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, ఇంకా మూడో బెంచీలో ఉన్నట్టే నిలబడ్డాడు. నేను మొదటి పేజీ చదివి మడిచి దిండు కింద పెట్టాను. ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల నాకు దిద్దుబాటు పంపడమా అనుకున్నాను. అతను ఇంకా కదలలేదు. "టీచర్, ఒక్కసారి చెయ్యండి. నాకోసం" అన్నాడు.

మందు చీటీ వెనక చేద్దామని కలం తీశాను. అంకెల మీద నమ్మకం పోయింది. చీటీని చింపి ముక్కలు చేశాను. ఐదు పెద్దవి. వాటి పక్కన ఒక్కో చిన్నది పెట్టుకుంటూ పోయాను. నేను కట్టిన పొట్లంలో చిన్నది ఒక్కటే, కాబట్టి నాలుగు చిన్నవి తీసేశాను. మిగతా నాలుగు పెద్ద ముక్కల పక్కనా దుప్పటి ఖాళీగా కనిపించింది. పాండురంగ కిటికీ వైపు తిరిగాడు.

డాక్టరు పెంచుతానన్నది పూటకు అర. నేను లెక్కలో వేసింది రోజుకు అర. ఇదివరకటి ఐదుకు ఆ అరను తగిలించి, కింద రెండు గీతలు గీశాను. నువ్వు చేసింది కూడా ఇదే. నీ తప్పుకు ఒక లంగా గుడ్డ పోయింది, అదీ కాగితం మీద. నా తప్పుకు నా ఇంటి మనిషి పదిహేను రాత్రులకు పైగా మంచానికి కర్రలా అతుక్కుని, నోరు తెరిచి దాహం అని అడగలేక పడి ఉన్నాడు. నేను పక్కన లేను. ఉన్న మనిషి చెబితే వినలేదు.

గురువారం గొట్టం ఆపించాను. సరైన మోతాదు వేసి రెండు రోజులు చూద్దామన్నాడు డాక్టరు. కానీ ఆ అన్నం వల్ల ఊపిరితిత్తుల్లో చేరిన జబ్బు వెనక్కి పోలేదు. ఆయన్నూ ఇక్కడే చేర్చారు. నాకు రెండు అంతస్తుల కింద. ముక్కుకు ప్రాణవాయువు మాస్క్ ఉంది. ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు ఎవరూ. ఇంకో వారం గడవాలంటున్నారు. లెక్క సరిదిద్దితే మనిషి కూడా అక్కడికక్కడ సరిపోడని నీకు తెలియాలి. అందుకే దాచకుండా రాస్తున్నాను.

మీ అమ్మ అంబర్‌పేట్ వెళ్ళి, చెల్లెలింట్లో ఉన్న వెంకటనర్సమ్మను తీసుకొచ్చింది. నేను మంచం మీద లేచి కూర్చుని, తప్పు నాదే అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వినడానికి దానికే సిగ్గేసింది. "ఊకోమ్మా" అంది. మరి అన్ని రోజులు మందు తక్కువని తెలిసి కూడా ఎందుకు గట్టిగా చెప్పలేదు, ఆ సీసాలోవి ఎందుకు తియ్యలేదు అని అడిగాను.

"చెప్పిన గదమ్మా రెండుమార్లు. నువ్వు పుస్తకం సూపెట్టినవు. సీసా ముట్టుకుంటే లెక్క తప్పుతదని నువ్వే అంటివి. నేను సదువుకోలే, నువ్వు సదువుకున్నవు. నీ లెక్క తప్పుతదని నేనెట్ల అనుకుంట? నాకే లెక్కవెట్టుడు వస్తలేదనుకున్న. రాత్రి సారు నా దిక్కు సూస్తుంటే, పొట్లం కాయితం దులిపి దులిపి సూసేదాన్ని."

మీ అమ్మ కూడా అదే అంది, అమ్మ లెక్క తప్పదనుకున్నానని. నా లెక్కను అనుమానించే ధైర్యం ఎవరికీ లేకుండా ఇల్లు నడిపాను. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. ఇంట్లో పదకొండు మార్కులు వచ్చిన పిల్ల ఒక్కతే నన్ను అడగగలిగింది.

నిన్న సాయంత్రం ఆరింటికి నన్ను చక్రాల కుర్చీలో కిందికి తీసుకెళ్ళారు. నేనే మందు వేశాను. మాస్క్ కొంచెం జరిపి ఒకటీ, అరా రెండూ ఒకేసారి నోటి దగ్గర పెట్టాను. ఆయన పెదవులు మూసుకున్నాడు. వద్దంటున్నాడేమో అనుకున్నాను. వంగి, బాగా వినపడే చెవిని ఆయన నోటి దగ్గర పెట్టాను. మాస్క్ పక్క నుంచి గాలిలాంటి గొంతుతో, "చిన్నది ముందు" అన్నాడు.

ముందు అర వేశాను. తర్వాత ఒకటి.

నీ పరీక్ష కాగితం మీద సంతకం చేసి ఇందులో పెట్టాను. దానితోపాటు ఇంకో కాగితం ఉంది. అది నాది. పై భాగంలో నా పుస్తకంలోని తప్పు లెక్క ఉంది, ఎర్రసిరాతో కొట్టేశాను. కింద దిద్దుబాటు ఐదుసార్లు చేశాను. నాలుగోసారి నర్సు సూది వెయ్యడానికి వచ్చింది కాబట్టి అక్కడ రాత బాగాలేదు. ఒక్కొక్కటే చూడు. సమానం గుర్తులు కూడా చూడు. అన్నీ సరిగ్గా ఉన్నాయనిపిస్తేనే, అడుగున ఖాళీగా వదిలిన గీత మీద నీ సంతకం పెట్టి పంపు.

సత్యవేణి